గుర్రాలు పెంచారు సరే, కళ్ళెం సంగతేంటి?

నెలరోజుల క్రితం ఓ పుట్టినరోజు భోజనాల దగ్గర నోరు జారాను. మా కాలేజీ బ్యాచ్ వాడొకడు తన పాత జీపులోకి ఎక్కించిన వీ-8 ఇంజను గురించి గంటసేపు చెప్పి, పక్కనున్న మరో ఇద్దరికి కూడా ఆ పిచ్చి అంటించే పనిలో ఉన్నాడు. నేను నా గారెలేవో నేను తినక, "ఇంతకీ బ్రేకులు మార్చావట్రా?" అని అడిగాను. "బ్రేకులదేముందిలే, తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు. "తర్వాతంటే ఎప్పుడు? హైవే 17 మీద అంత అయ్యాక కూడానా?" అన్నాను. అంతే. గదంతా నిశ్శబ్దం. ఆ సంగతి వాళ్ళావిడకి చెప్పలేదని నాకేం తెలుసు?

ఆ తర్వాత సీను మీరు ఊహించుకోగలరు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. వాడు నన్ను బయటికి తీసుకెళ్ళి, "నువ్వో పిరికిపందవి, కోడు రాసుకునేవాడివి, నీకు బళ్ళ సంగతేం తెలుసు?" అని కడిగేశాడు. (అన్నవాడూ కోడు రాసుకునేవాడే, అది వేరే సంగతి.) మిగతా ఇద్దరూ కూడా వాడి పక్షమే. వాళ్ళు ఇప్పటికే తలో జీపూ చూసిపెట్టుకున్నారు, ఇంజన్లు వెతుకుతున్నారు. ఆరోజు చెప్పనివ్వలేదు కాబట్టి నేను చెప్పదలుచుకున్నది ఇక్కడ చెబుతున్నాను. ఎవరేమనుకున్నా సరే.

ముందు ఆ బండి గురించి. వాడిది 1954 నాటి విల్లీస్ సీజే-3బీ. పేరు చెబితే తెలీకపోవచ్చు గానీ ఫోటో చూస్తే మీరు "ఓస్, ఇదా!" అంటారు. మహీంద్రా వాళ్ళు మన దేశంలో దశాబ్దాల తరబడి తయారుచేసిన జీపులకి మూలం ఇదే. ఎత్తైన బానెట్టు, గుండ్రటి దీపాలు, మడతపెట్టే అద్దం. బీడీవో గారొచ్చినా, ఎస్సై గారొచ్చినా, ఎన్నికల్లో మైకు కట్టుకుని వచ్చినా మా ఊళ్ళోకి వచ్చింది ఈ ముఖమే. వాళ్ళ తాతగారికీ ఒకటుండేదట. అందుకే అమెరికాలో ఇరవయ్యేళ్ళుండి, కొనగలిగిన బళ్ళన్నీ కొని, చివరికి దీని దగ్గర ఆగాడు. ఆ మమకారాన్ని నేను వెక్కిరించడంలేదు. నాకూ ఉంది.

ఇక్కడో తమాషా ఉంది. ఆ ఎత్తు బానెట్టు ఎందుకొచ్చిందో తెలుసా? ఇంజను మార్చినందుకే! అంతకుముందు మోడల్ సీజే-3ఏలో 60 హార్స్‌పవర్ 'గో-డెవిల్' ఇంజనుండేది. 1953లో దాని స్థానంలో 'హరికేన్' అనే ఇంజను పెట్టారు. ఇన్‌టేక్ వాల్వులు పైకి హెడ్డులోకి వెళ్ళడంతో శక్తి 70 పైచిలుకు హార్స్‌పవర్‌కి పెరిగింది, ఇంజను ఎత్తూ పెరిగింది. పాత బానెట్టు కింద పట్టలేదు. దాంతో బానెట్టు, ముందు జాలీ ఎత్తు పెంచారు. అంటే, పట్టుమని పదీ పదిహేను గుర్రాలు పెంచడానికి కూడా కంపెనీవాడు బండి ముఖం మార్చుకోవాల్సి వచ్చింది. మావాడు రెండొందల పైచిలుకు పెంచి, లోపల ఏమీ మార్చక్కర్లేదంటాడు.

వాడి జీపు పాత ఇంజను బ్లాకు పగిలింది. అది నిజం, అందులో వాడి తప్పేం లేదు. పాడైన బళ్ళ యార్డులో ఓ షెవర్లే పికప్ ట్రక్కులోంచి తీసిన 5.3 లీటర్ల వీ-8 దొరికింది. సుమారు 285 హార్స్‌పవర్. ఊళ్ళో ఓ షెడ్డువాళ్ళు అడాప్టర్ ప్లేటు పెట్టి, పాత గేర్‌బాక్సుకే దాన్ని బిగించి ఇచ్చారు. అడిగింది అడిగినట్టు చేశారు, వాళ్ళనీ తప్పు పట్టను. బ్రేకులు మాత్రం 1954లో ఉన్నవే. నాలుగు చక్రాలకీ తొమ్మిదంగుళాల డ్రమ్ములు. నాలుగింటికీ కలిపి ఒకటే మాస్టర్ సిలిండరు, ఒకటే సర్క్యూటు. అంటే ఏ ఒక్క చక్రం దగ్గర లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుందన్నమాట. ఇప్పటి బళ్ళలో రెండు సర్క్యూట్లుంటాయి, ఒకటి పోయినా రెండోది కాపాడుతుంది. అమెరికాలో కార్లకి దాన్ని తప్పనిసరి చేసింది 1968లో. ఆ జీపు అంతకు పధ్నాలుగేళ్ళ ముందుది.

ఓ ఆదివారం నన్నూ, పదేళ్ళ కూతుర్నీ ఎక్కించుకుని శాంటాక్రూజ్ సముద్రం దాకా తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు హైవే 17. తెలియనివాళ్ళకి చెబుతున్నా, కొండ మీద మెలికలు తిరిగే రోడ్డది. సమ్మిట్ దాటాక లాస్‌గాటోస్ వైపు మైళ్ళ కొద్దీ దిగుడు. పక్కన కాంక్రీటు గోడ, వెనక ఇరవయ్యడుగుల దూరంలో ఎవడో తొందరపడుతూ. ఎక్కేటప్పుడు బండి రాకెట్టులా ఎక్కింది. మావాడి ముఖం వెలిగిపోయింది. దిగేటప్పుడు రెండు మలుపులయ్యాక కాలిన వాసనొచ్చింది. మూడో మలుపు దగ్గర వాడు పెడలు తొక్కితే అది నేలకి తగిలింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ నేలకి. వెనక చక్రం దగ్గర సిలిండరు కారిపోయిందని తర్వాత తెలిసింది.

వాడు కంగారుపడినా బుర్ర పనిచేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. రెండో గేరులోకి దించాడు, హ్యాండు బ్రేకు లాగాడు. ఆ జీపుల్లో హ్యాండు బ్రేకు చక్రాల దగ్గర కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ప్రొపెల్లర్ షాఫ్టుని పట్టుకునే ఓ చిన్న డ్రమ్ము. నూనెతో సంబంధంలేదు, ఉత్త కేబులే. అది కీచుమంటూ, కాలుతూ, బండి వేగాన్ని తగ్గించింది. లెక్సింగ్టన్ రిజర్వాయర్ దగ్గర పక్కదారిలోకి దూరి, ఎదురు ఎత్తుకి ఆగాం. వెనక బల్ల మీద నడుముకి ఒక్క బెల్టుతో కూర్చున్న పిల్ల "నాన్నా, మళ్ళీ!" అంది. దానికదో ఆట. మేమిద్దరం పది నిమిషాలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఇంత జరిగాక వాడేం చేశాడు? కారిన సిలిండరు ఒక్కటీ మార్పించి, కొత్త నూనె పోయించి, "సమస్య తీరిపోయింది" అన్నాడు. ఇదీ నా కడుపుమంట. పాతది గనక కారింది, కొత్తదైతే కారదు అని వాడి లెక్క. నా లెక్క వేరు. సిలిండరు కారడం ప్రమాదానికి సాకు మాత్రమే. అసలు కారణం, ఆ బ్రేకులు ఏ వేగానికి పుట్టాయో ఆ వేగాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం.

లెక్క చూద్దాం, అందరం ఇంజనీరింగు వెలగబెట్టినవాళ్ళమే కదా. కదిలే బండిలో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పాత ఇంజనుతో ఆ జీపు హాయిగా నడిచేది గంటకి 45 మైళ్ళ దగ్గర. ఇప్పుడు 70 దగ్గర నడుపుతున్నాడు. వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే. బ్రేకులు వేడిగా మార్చి గాలిలోకి పంపాల్సిన శక్తి పెరిగింది దాదాపు రెండున్నర రెట్లు. డ్రమ్ము అదే, లైనర్లు అవే. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లైనరు నుంచి దూరం జరుగుతుంది, లైనరు పట్టు తప్పుతుంది, పెడలు లోతుకి పోతుంది. ఎవడి ధైర్యంతోనూ సంబంధంలేని భౌతికశాస్త్రం ఇది.

ఇక మిగతా భాగాల గతి. పాత ఇంజను టార్కు 114 పౌండ్-అడుగులు. కొత్తదానిది దాదాపు 325. ఆ జీపు మొదటి గేరు నిష్పత్తి 2.8, ట్రాన్స్‌ఫర్ కేసు లో-రేంజిలో 2.46, యాక్సిల్లో 5.38. మూడూ గుణిస్తే 37 వస్తుంది. అంటే లో-రేంజి మొదటి గేరులో పాత ఇంజను యాక్సిళ్ళకి పంపగలిగింది 4,200 పౌండ్-అడుగులు. కొత్తది పంపగలిగింది 12,000. టైరు జారితే బతికిపోయినట్టే. రెండు రాళ్ళ మధ్య టైరు ఇరుక్కుంటే మాత్రం ఆ పన్నెండు వేలూ ఎక్కడో ఒకచోట బయటపడాలి. గేరు పళ్ళ దగ్గరో, యాక్సిల్ షాఫ్టు చివర చిన్న తాళంచెవంత కీ దగ్గరో, ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గరో. చివరిది విరిగితే మావాడిని కాపాడిన ఆ హ్యాండు బ్రేకు కూడా హుళక్కే, ఎందుకంటే అది పట్టుకునేది ఆ షాఫ్టునే!

ఇంకోటి. ఆ జీపులో పెట్రోలు ట్యాంకు ఎక్కడుంటుందో తెలుసా? డ్రైవరు సీటు కింద. పాత కార్బురేటరుకి నాలుగైదు పీఎస్ఐ ఒత్తిడితో పెట్రోలందితే ఎక్కువ. ఈ కొత్త ఇంజనుకి 58 పీఎస్ఐ కావాలి. డెబ్భయ్యేళ్ళ నాటి ట్యాంకు మీద కూర్చుని, దాని పక్కనుంచే ఆ ఒత్తిడితో పెట్రోలు పంపుతున్నప్పుడు గొట్టాలూ, జాయింట్లూ ఎవరు చూశారని అడిగితే మళ్ళీ నేనే పిరికివాణ్ణి.

"మరి కంపెనీవాడే తర్వాత వీ-8 పెట్టాడు కదా" అన్నాడు రెండోవాడు. అవును, పెట్టాడు. ఆ కథ పూర్తిగా చెప్పుకుందాం, ఎందుకంటే నా వాదనకి అంతకన్నా మంచి సాక్షి లేదు. 1960ల మధ్యలో కైజర్ జీప్ కంపెనీ సీజే-5లో బ్యూక్ వాళ్ళ 225 క్యూబిక్ అంగుళాల వీ-6 పెట్టింది. 75 నుంచి 160 హార్స్‌పవర్‌కి దూకుడు. దాని వెనక పాత గేర్‌బాక్సు ఉంచలేదు, వేరేది పెట్టారు. 1970లో జీప్ అమెరికన్ మోటార్స్ చేతికొచ్చింది. 1972 మోడల్‌కి వాళ్ళు 304 క్యూబిక్ అంగుళాల వీ-8 ఇచ్చారు. దానితోపాటు ఏం మార్చారో చూడండి. రెండు ఇరుసుల మధ్య దూరం 81 అంగుళాల నుంచి సుమారు 84కి పెంచారు, ముందు భాగం పొడిగించారు. ముందు యాక్సిల్ డానా 27 తీసేసి డానా 30 పెట్టారు. ట్రాన్స్‌ఫర్ కేసు డానా 18 పోయి డానా 20 వచ్చింది. అరిగితే అటూఇటూ ఊగే పాత రాస్ స్టీరింగు బాక్సు పోయి సాగినా వాళ్ళది వచ్చింది. ఇంత చేసి, ఆ వీ-8కి వాళ్ళు చెప్పుకున్నది ఎంత? 150 హార్స్‌పవర్.

అంటే రోజంతా డ్రాయింగు బోర్డుల ముందు కూర్చుని, జీతం తీసుకుని జీపులు తయారుచేసేవాళ్ళు, 150 గుర్రాల కోసం చాసీ నుంచి స్టీరింగు దాకా మార్చారు. మనం 285 గుర్రాలు ఎక్కించి, ఓ అడాప్టర్ ప్లేటు కొని, దానికి ఓ ఫోటో తీసి, పని అయిపోయిందంటున్నాం. కంపెనీవాడు చేసినదాంట్లో మనకి కనిపించింది బానెట్టు కింద మెరిసేది మాత్రమే.

సరే, ఇంతకీ వాడికి అంత ఇంజను కావాల్సింది ఎందుకు? "హైవే మీద 60 దాటితే పాత ఇంజను గోల పెట్టేది, ప్రాణం పోతున్నట్టుండేది" అన్నాడు. నిజమే. కానీ ఎందుకు గోల పెట్టేది? ఇరవయ్యెనిమిదిన్నర అంగుళాల టైరు మైలుకి సుమారు 707 సార్లు తిరుగుతుంది. 60 మైళ్ళ వేగంలో నిమిషానికి ఓ మైలు కాబట్టి చక్రం 707 చుట్లు. దాన్ని యాక్సిల్ నిష్పత్తి 5.38తో గుణిస్తే ఇంజను 3,800 చుట్లు. ఆ ఇంజను గరిష్ఠ శక్తినిచ్చేదే 4,000 దగ్గర. పొలాల్లో నాగలి లాగడానికి పెట్టిన గేరింగుతో హైవే మీద పరిగెత్తిస్తే గోల పెట్టక ఏం చేస్తుంది? యాక్సిల్ గేర్లు 4.27వి వేయించుకుంటే అదే వేగానికి 3,000. లేదూ, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక బిగించే 25 శాతం ఓవర్‌డ్రైవ్ పెట్టించుకుంటే 2,850. గోలా తగ్గేది, ఇంజనూ బతికేది.

నా వృత్తిలో రోజూ చూసే రోగమే ఇది. అప్లికేషన్ నెమ్మదిగా ఉందని క్లయింటు పిలుస్తాడు. వెళ్ళి చూస్తే ఒక్క క్వెరీ తప్పుగా రాసి ఉంటుంది. అది సరిచేస్తే పోతుంది. కానీ ఆయనకి నాలుగింతల సర్వరు కావాలి, ఎందుకంటే సర్వరు మేనేజరుకి చూపించొచ్చు, క్వెరీ చూపించలేడు. యాక్సిల్లో పళ్ళచక్రం మారిస్తే భోజనాల దగ్గర బానెట్టు ఎత్తి చూపించడానికేముంది? నా అభియోగం అదే. మనం బండి సమస్య తీర్చుకోవడానికి ఇంజను మార్చడంలేదు. చూపించుకోవడానికి మారుస్తున్నాం. పిల్లల్ని మాత్రం నిజంగానే ఎక్కించుకుంటున్నాం.

ఇంజను మార్పిడి మనకేం కొత్త కాదు. విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలని అడగండి. పెట్రోలు ఇంజను దించి డీజిలు ఇంజను ఎక్కించడం అక్కడ చేయి తిరిగిన పని. కానీ ఆ మార్పిడి ఎందుకు? డీజిలు చవక, మైలేజీ ఎక్కువ, జీపు మీద ఓ కుటుంబం బతకాలి. మహీంద్రా వాళ్ళే పెట్టిన ప్యూజో డీజిలు 2.1 లీటర్లది, 60 పైచిలుకు హార్స్‌పవర్. అంటే పాత పెట్రోలు ఇంజను కన్నా గుర్రాలు తక్కువే! అయినా సంతోషంగా ఎక్కించుకున్నారు, ఎందుకంటే వాళ్ళకి కావలసింది లాగే బలమూ, డబ్బు ఆదా. వేగం పెరగలేదు కాబట్టి బ్రేకుల మీద భారమూ ఆ మార్పిడి వల్ల పెరగలేదు. అలాగని ఆ రోజులన్నీ స్వర్ణయుగమని నేననను. అదే జీపులో పదిహేనుమందిని కుక్కి, ఇద్దర్ని వెనక వేలాడదీసి నడిపినవాళ్ళం మనం. బోల్తా పడ్డ జీపుల వార్తలు చదువుతూ పెరిగాం. ఆ బుద్ధి ఇంకా పోలేదనే నా బాధ. అక్కడ మనుషుల్ని కుక్కాం, ఇక్కడ గుర్రాల్ని కుక్కుతున్నాం.

ఇక చట్టం. "ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది, నీకేంటి బాధ?" అన్నాడు మావాడు. ఒప్పుకోవడం కాదది, చూడకపోవడం. కాలిఫోర్నియాలో మామూలు కార్లకి ఏటేటా బ్రేకులూ స్టీరింగూ చూసే తనిఖీ లేదు. ఉన్నది పొగ తనిఖీ. ఇంజను మార్చిన బండైతే రెఫరీ దగ్గరికి వెళ్ళాలి. ఇంజను బండికన్నా పాతది కాకూడదు, దానితో వచ్చిన కాలుష్య నియంత్రణ సామగ్రి అంతా ఉండాలి. మంచి నియమాలే. కానీ అక్కడా ప్రశ్న పొగ గురించే, ఆగడం గురించి కాదు. పైగా 1975, అంతకుముందు మోడళ్ళకి ఆ పొగ తనిఖీ కూడా లేదు. అంటే 1954 జీపుని అడిగే నాథుడే లేడు. మన దేశంలో దానికి పూర్తి విరుద్ధం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. సీఎన్‌జీ, బ్యాటరీ వంటి వాటికి మారడానికి మినహాయింపులున్నాయి. ఒకచోట అన్నీ వద్దంటారు, ఇంకోచోట ఏదీ అడగరు. పూర్తిగా వద్దంటే పని దొంగచాటుగా జరుగుతుంది. ఏదీ అడగకపోతే పని గర్వంగా, అధ్వాన్నంగా జరుగుతుంది.

నాకు నచ్చిన లెక్క ఒకటుంది. బ్రిటన్‌లో బాగా మార్చిన బండిని పాత నంబరుతోనే ఉంచాలా వద్దా అని తేల్చడానికి చాలా ఏళ్ళపాటు పాయింట్లు లెక్కపెట్టేవారు. చాసీకి 5, సస్పెన్షన్‌కి 2, యాక్సిళ్ళకి 2, గేర్‌బాక్సుకి 2, స్టీరింగుకి 2, ఇంజనుకి 1. చూశారా? మనం బండి ప్రాణమనుకునేదానికి ఒక్కటంటే ఒక్క పాయింటు. ఆ పద్ధతి పెట్టింది ప్రమాదాల కోసం కాదు, బండి ఏ బండో తేల్చడానికి. అయినా అందులో గొప్ప నిజముంది. బండంటే ఇంజను కాదు. ఇంజను బండిలో ఓ భాగం.

నేను ఇంజను మార్పిడికి వ్యతిరేకిని కాదు. బ్లాకు పగిలినవాడు ఏదో ఒకటి పెట్టుకోవాల్సిందే. ఎదుటివాళ్ళ వాదనలో ఒకదానికి నేను తల వంచుతాను కూడా: 65 మైళ్ళ ట్రాఫిక్‌లో 45లో పాకే బండి కూడా ప్రమాదమే, ర్యాంపు మీంచి హైవేలో కలవడానికి కాస్త ఊపు కావాలి. ఒప్పుకున్నాను. అయితే వరస మార్చమంటున్నాను. ముందు రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండరు. తర్వాత ముందు చక్రాలకి డిస్కులో, కనీసం నాలుగింటికీ పదకొండు అంగుళాల డ్రమ్ములో. ఆ తర్వాత స్టీరింగు బాక్సు. తర్వాత యాక్సిళ్ళు, గేర్‌బాక్సు, కమాను పట్టీలు. తర్వాత రేడియేటరు, పెట్రోలు గొట్టాలు, సీటు బెల్టులు. అన్నిటికన్నా చివర ఇంజను. అదీ బండి మోయగలిగినంత. పాత బ్యూక్ వీ-6 లాంటిదైతే కంపెనీవాడే దారి చూపించాడు.

"అలా చేస్తే ఇంజను దగ్గరికి వచ్చేసరికి డబ్బులైపోతాయిరా" అన్నాడు మూడోవాడు. నేను చెప్పేదీ అదే కదా! అయిపోతే అక్కడే ఆగండి. మంచి బ్రేకులూ, బిగువైన స్టీరింగూ, 70 గుర్రాలూ ఉన్న జీపు మీ దగ్గర మిగులుతుంది. అది హాయిగా నడిచే బండి. మీరు చేస్తున్న వరసలో డబ్బులైపోతే మిగిలేది 285 గుర్రాలూ, తొమ్మిదంగుళాల డ్రమ్ములూ. రెండిట్లో పిల్లల్ని దేంట్లో ఎక్కిస్తారో మీరే చెప్పండి.

ఇంకా ఒక్క మాట. "నా బండి, నా ప్రాణం, నా ఇష్టం" అన్నాడు వాడు ఆఖర్న. వాడి ప్రాణం వరకూ నేనేం మాట్లాడను. కానీ ఆరోజు మా ముందు వెళ్తున్నది ఓ చిన్న తెల్ల కారు. వెనక అద్దంలో ఎవరిదో బొమ్మ కుక్కపిల్ల కనిపిస్తోంది. పెడలు నేలకి తగిలినప్పుడు నేను చూస్తున్నది దాన్నే. ఆ కారువాడికి మా బండిలో ఎన్ని గుర్రాలున్నాయో తెలీదు, కళ్ళెం లేదనీ తెలీదు. వాడినెవరూ అడగలేదు.

ఆ ఇంటికి నన్ను మళ్ళీ భోజనానికి పిలుస్తారో లేదో తెలీదు. వాళ్ళావిడ మాత్రం మొన్న మా ఆవిడకి ఫోన్ చేసి, జీపు తాళాలు తన బీరువాలో ఉన్నాయనీ, డ్రమ్ములు మారేదాకా అక్కడే ఉంటాయనీ చెప్పిందట. పిరికివాడినన్నారు కదా, ఈ ఒక్క విషయంలో నాకా బిరుదు ఇష్టమే. అదండీ సంగతి.